సిలిండరు మూతికి రాసిన నూనె

మా సంఘంలో కొత్తగా ఏది కొన్నా ప్రార్థన చేయించకుండా వాడరు. ట్రాక్టరు వస్తే బానెట్ మీద, బోరు మోటారు వస్తే దాని నెత్తి మీద, కుట్టుమిషను వస్తే చక్రం మీద నూనె రాస్తారు. అందరూ కళ్లు మూసుకుని చేతులు చాపి దాన్ని ప్రభువుకు అప్పగిస్తారు. ఆ తర్వాతే స్విచ్ వేస్తారు. ఆ నూనె రాసేది సంఘ పెద్ద. నేను తాతా అని పిలిచే మనిషి. చుట్టరికం లేదు గానీ, నాకు ఐదేళ్లున్నప్పటి నుంచి వాక్యాలు కంఠతా నేర్పించింది ఆయనే. ఒక్క మాట తప్పు పోయినా చెవి మెలిపెట్టేవాడు. మా పెళ్లి ప్రార్థన ఆయనే చేశాడు, నా ఇద్దరు పిల్లల నెత్తి మీద నూనె పెట్టింది ఆయనే. ఆ నూనె మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. నా భర్త ముఖాన్ని కాల్చింది కూడా ఆ నూనే. వీటిలో ఒకటి దాచి ఇంకొకటి చెప్పడం నాకు చేతకాదు.

నా భర్త గ్యాస్ కటింగ్ పనివాడు. పెళ్లికి ముందు నుంచి గద్వాలలో ఇంకొకరి షాపులో చేసేవాడు. ట్రాలీ చట్రాలు, నాగళ్లు, ఇనుప గేట్లు, విరిగిన ఇరుసులు. ఆ పనిలో మనిషికి చేతులకంటే కళ్లు ముఖ్యమని నాకు పెళ్లయిన కొత్తలోనే అర్థమైంది. మంట రంగు చూసి ఏ గ్యాసు ఎంత వదలాలో తేల్చుకోవాలి. ఇనుము ఎర్రబడి, పండి, తడిగా మెరిసే క్షణాన్ని పట్టుకోవాలి. ఒక్క రెప్పపాటు ముందైతే తెగదు, వెనకైతే కరిగి గడ్డకడుతుంది. ఆయన ఆ క్షణాన్ని ఎప్పుడూ తప్పేవాడు కాదు. రాయచూరు దాకా పోయే లారీల వాళ్లు కూడా ఆయన కోసం ఆగేవాళ్లు.

సొంత షాపు పెట్టుకోవాలని ఏళ్ల తరబడి అనుకుని, చివరికి అమరచింత రోడ్డు మీద రేకుల షెడ్డు వేశాం. పక్కన ఒక సాయిబు మోటార్లకు వైరు చుట్టే షాపు. ఎదురుగా పెట్రోలు బంకు. రెండు సిలిండర్లు వచ్చాయి. నల్లది ఆక్సిజన్, మెరూన్ రంగుది అసిటిలిన్. మావాళ్లు మెరూన్‌ను ఎర్రదే అంటారు. ఆయన నాకు చెప్పేవాడు: "నల్లది మండదు. మండేదానికి అది మేత. ఎర్రది మండుతది. నల్లదాని దగ్గర నూనె, గ్రీజు ఉండొద్దు. ఉంటే అగ్గిపుల్ల కూడ అక్కర్లేదు." భోజనం చేసి వచ్చినా సబ్బుతో చేతులు కడుక్కునే నల్లదాన్ని ముట్టుకునేవాడు. అందుకే ప్రార్థనకు ముందే తాతతో అన్నాడు: "తాతా, నూనె దర్వాజకు రాయి, సాలు. సామాన్లకు వద్దు."

తాత తల ఊపాడు. ఆయనకు వినబడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెవులు మందగించి అప్పటికి చాలా కాలమైంది.

వేసవి ఉదయం. సంఘం వాళ్లు షెడ్డు నిండా నిలబడ్డారు. రేకులు అప్పుడే వేడెక్కుతున్నాయి. తాత ప్రార్థన మొదలుపెట్టాడు, మేమంతా కళ్లు మూసుకున్నాం. మా దగ్గర ప్రార్థనలో కళ్లు తెరవడం పెద్ద తప్పు. చిన్నప్పుడు తెరిస్తే నెత్తి మీద మొట్టికాయ పడేది. నా భర్త కూడా తల వంచి, రెండు చేతులూ జోడించి, గట్టిగా కళ్లు మూసుకున్నాడు. తాత గొంతు షెడ్డులో తిరగడం వినబడుతూ ఉంది. దర్వాజ దగ్గర, తర్వాత బల్ల దగ్గర, తర్వాత మూల దగ్గర. ఆ మూలలో సిలిండర్లు ఉన్నాయి. నల్లదాని టోపీ అప్పటికే విప్పి ఉంది. మీటరు ఇంకా బిగించలేదు. మీటరంటే లోపలి ఒత్తిడిని తగ్గించి బయటికి వదిలే ఇత్తడి ముక్క. తాతకు ఆ సిలిండరు మూతి ఒక తలకాయలాగా కనబడి ఉంటుంది. తలకు రాసినట్టే, ధారాళంగా రాశాడు. ఒక్కరం కూడా చూడలేదు. అందరం గట్టిగా ఆమెన్ అన్నాం.

మిర్చీలు, చాయ్ అయ్యాక నా భర్త చేతులు కడుక్కుని వచ్చి మీటరు బిగించాడు. మూల చీకటిగా ఉండి మూతి మీది తడి ఆయనకు కనబడలేదు. ఆయన సిలిండరుకు పక్కగా నిలబడి గ్యాసు వదిలే తాళం మీద చెయ్యి వేశాడు. నల్లదాన్ని ఎప్పుడైనా పక్కన నిలబడే తిప్పాలని ఆయన నియమం.

మా మరిది, ఆయన తమ్ముడు, ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"అన్నా, గా మూలకుంటే నీ మొకమే పడ్తలేదు. జర ముంగటికి రా."

"పక్కనుండే తిప్పాలెరా దీన్ని."

"అబ్బ! పదేండ్లసంది ఇంకోని షాపుల తిప్పినవ్. నీ షాపుల మొదటి మంట మల్ల వస్తదానే? ఒక్కసారి ముంగట నిలవడు."

"వీనికి సినిమా పిచ్చి పోదు," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వి, చొక్కా సర్దుకుని, మీటరుకు ఎదురుగా వచ్చి నిలబడి తాళం తిప్పాడు.

చప్పుడు అని చెప్పలేను. ఛాతీ మీద గునపం పోటు లాంటిది. కళ్ల ముందు అంతా తెల్లబడింది. మీటరు ముక్కలైంది, మిగిలిన ఇత్తడి కాకరపువ్వొత్తిలా చిమ్ముతూ మండింది. ఒత్తిడి చూపే గడియారం అద్దం, ఇత్తడి తునకలు, నిప్పు, అన్నీ కలిసి ఆయన ముఖానికి కొట్టాయి. ఆయన వెనక్కి పోయి బల్ల మీద పడ్డాడు. చొక్కా నైలాన్‌ది. అది వెంటనే మండలేదు, కరిగి ఒంటికి అతుక్కుని, ఆ తర్వాత మండింది. మొదట ఆయన అరవలేదు. రెండు చేతులతో ముఖం మూసుకుని, నీళ్లలో మునిగినవాడిలా నోరు తెరిచి మూశాడు. తర్వాత అరిచిన అరుపు మనిషిది కాదు.

జనం ఒకరినొకరు తొక్కుకుంటూ బయటికి పరిగెత్తారు. చాయ్ పాత్ర ఒరిగి ఒకామె కాళ్ల మీద పడింది, ఆమె కేకలు వేరు. సిలిండరు మూతి నుంచి ఆక్సిజన్ కోడెనాగు బుసలాగా కొడుతూనే ఉంది. అది తగిలిన చోటల్లా నిప్పు పిచ్చిదైపోయింది. కట్టెబల్ల, గోనెసంచులు, రంగు డబ్బా, రబ్బరు పైపులు. మామూలు మంట పసుపుగా ఉంటుంది, కొంచెం ఆలోచించి పాకుతుంది. ఇది తెల్లటి మంట, పాకలేదు, దూకింది. చూస్తుండగానే బల్ల కాలు నడిమికి తెగిపోయింది. రేకు అంచు పాతకాగితంలా ముడుచుకుపోయింది. మా మరిది ఫోన్ ఇంకా పైకి పట్టుకునే ఉన్నాడు. వాడి చెయ్యి కిందికి రాలేదు.

నేను లోపలికి ఉరికాను. పక్క షాపు సాయిబు నన్ను భుజం పట్టి వెనక్కి విసిరేశాడు.

"చెల్లె, జరుగు! నీ కొంగు అంటుకుంటది!"

ఆయనే నేల మీద పాకి నా భర్త కాళ్లు పట్టుకుని బయటికి గుంజాడు. గోడ కట్టడానికి పోసిన ఇసుక కుప్ప బయట ఉంది. అందులో పొర్లించి, చేతులతో ఇసుక ఎత్తి పోశాం. ఇసుక పడ్డచోట చొక్కా మంట చచ్చింది. నా భర్త నా చెయ్యి వెతికి పట్టుకుని అన్న మొదటి మాట: "నా కండ్లు సూడు. ఉన్నయా సూడు." చూశాను. రెప్పలు ఉబ్బి, నల్లబడి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. వాటి కింద ఏముందో నాకు కనబడలేదు. "ఉన్నయి," అన్నాను.

బంకులో పనిచేసే మనిషి మంటలార్పే ఎర్రటి డబ్బా ఎత్తుకుని రోడ్డు దాటి వచ్చాడు. నల్లటి బాకా లాంటి మూతి ఉన్న డబ్బా. అందులో ఉండేది బొగ్గుపులుసు వాయువు, కార్బన్ డయాక్సైడ్. లింగాల దిక్కు ఊళ్లలో పాత బావుల్లోకి దిగేముందు లాంతరు కిందికి వదిలి చూసేవాళ్లు. అది ఆరిపోతే ఎవరూ దిగరు. లాంతరును ఆర్పే ఆ చెడ్డగాలే ఇది, డబ్బాకెత్తి అమ్ముతారు. ఆయన మీట నొక్కగానే తెల్లటి పొగమంచు గర్జించుకుంటూ వెళ్లి మంట మీద పడింది. మంట అణిగింది. మేమంతా ఊపిరి తీసుకున్నాం. పొగమంచు పలచబడగానే బుస మళ్లీ వినబడింది. ఎర్రగా ఉన్న బల్ల తునక మీదికి ఆ బుస తగిలి మంట మళ్లీ లేచింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేచింది.

"నీ డబ్బా అయిపోతది గాని ఇది ఆరదు!" సాయిబు అరిచాడు. "నల్లది మేత పెడుతనే ఉన్నది. ముందుగాల దాని గొంతు పిసుకాలె!"

"పోకు భాయ్, సస్తవ్!"

"సస్తే నీకేం, నా షాపు గూడ పక్కనే ఉన్నది!"

గోనెసంచిని నీళ్ల కుండీలో ముంచి తల మీదుగా కప్పుకుని లోపలికి పోయాడు. బంకు మనిషి ఆయన వెనకే బాకా పట్టుకుని ఆయన ముందు నుంచి మంటను నెట్టాడు. సాయిబు తాళం పట్టుకుని తిప్పాడు. అరచేతి తోలు దాని మీదే ఉండిపోయింది. బుస ఆగింది. ఆ తర్వాత పొగమంచు పడితే పడినచోట మంట చచ్చింది. నేనూ ఇంకొందరం బకెట్లతో నీళ్లు పోశాం.

ఎర్రది మిగిలింది. దాని పైపు కాలి, మూతి దగ్గర చిన్న పసుపు మంట నాలుకలా ఆడుతోంది. ఒంటి మీది రంగు పొక్కులు లేచింది. దాన్నీ మూసేశారు గానీ, ఆత్మకూరు నుంచి వచ్చిన ఫైరింజను వాళ్లు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. దూరం నుంచి దాని మీద నీళ్లు కొడుతూనే ఉన్నారు.

"ఆరింది కదా సార్," అన్నారు ఎవరో.

"బయట ఆరింది. దీని లోపల గ్యాసుకు వేడి తగిలితే గాలి లేకున్నా తనకు తానే పేలుతది. చేత్తో ముట్టుకుంటే చల్లగ ఉన్నంక చెప్తాం," అన్నాడు వాళ్ల పెద్ద. తర్వాత నల్లదాని మూతి దగ్గర వంగి చూసి, జనం వైపు తిరిగి అడిగాడు: "దీనికి ఎవరన్న నూనె పెట్టిండ్రా?"

తాత చేతికర్ర ఆనించుకుని ముందుకు వచ్చాడు.

"నేను పెట్టిన. దేవుని పేరు మీద."

ఆ మనిషి తాతను కోప్పడలేదు. "పెద్దాయనా, గంత ఒత్తిడితోని ఆక్సిజన్ వచ్చి తగిలితే నూనె బాంబయితది," అని మాత్రం అన్నాడు. నేను ఈ మాటలన్నీ తర్వాత విన్నాను. అప్పటికే నా భర్తను ట్రాలీ ఆటోలో వేసుకుని వనపర్తి దారిలో ఉన్నాను.

దవాఖానలో ఆయన ముఖం కడిగి, గుచ్చుకున్న ఇత్తడి తునకలు ఒక్కొక్కటీ తీశారు. కళ్ల మీద కట్టు కట్టారు. గొంతు లోపల కూడా వేడి తగిలిందని ముక్కుకూ నోటికీ గొట్టం తొడుగు పెట్టారు. మంచం పక్కన సిలిండరు నిలబెట్టారు. అదే నల్ల ఒళ్లు, భుజాలు మాత్రం తెల్లవి. దాన్ని కాలితో తన్ని కింద పడేద్దామనిపించింది. పొద్దున ఆయన్ని కాల్చిన వాయువే ఇప్పుడు సన్నగా, బుడగలు బుడగలుగా, ఆయన ఛాతీని లేపుతోంది. మట్టితో చేసిన మనిషి ముక్కులో ప్రభువు ఊపిరి ఊదాడని ఆదివారం బడిలో పిల్లలకు నేను ఎన్నిసార్లు చెప్పానో. అగ్నిలో నడిచి వెంట్రుక కూడా కమలకుండా బయటికి వచ్చిన ముగ్గురి సంగతి చేతులు ఊపుతూ చెప్పేదాన్ని. ఆయన వెంట్రుకలు కమిలిన వాసన నా చీర నిండా ఉంది. నేను ప్రభువును అడిగింది ఒక్కటే: ఒక్క కన్నైనా ఉంచు. పనిచేసుకునేటంత.

మరునాడు సంఘం వాళ్లు వచ్చారు. తాత అందరి వెనక నిలబడ్డాడు. ముందు నిలబడిన ఒకామె నా చెయ్యి పట్టుకుని, "సాతాను పోటు అక్కా ఇది. షాపు పేరు మీద దేవుని మహిమ ఓర్వలేక..." అని ఇంకా ఏదో అనబోతోంది. మా మరిది గోడకు ఆనుకుని ఉన్నవాడు లేచాడు.

"సాతాను గాదు! గీ ముసలోడు!"

జనాన్ని చీల్చుకుని పోయి తాతను చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు ఎగిరి పడ్డాయి. రెండో దెబ్బకు తాత మంచం కాలి మీద పడ్డాడు. "సామాన్లకు వద్దని మా అన్న చెప్పిండా లేదా? చెప్పిండా లేదా?" అంటూ కాలితో పొడిచాడు. సంఘం మగవాళ్లు వాడి మీద పడ్డారు. ఇన్నాళ్లూ పక్కపక్కన కూర్చుని పాటలు పాడినవాళ్లు. ఒకడు వాడి జుట్టు పట్టాడు, ఒకడు పిడికిలితో నోటి మీద గుద్దాడు. సెలైను స్తంభం కూలింది. నర్సులు అరుస్తున్నారు. తాత కింద పడి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, "కొట్టనియ్యుండ్రి, వాన్ని ఇడువుండ్రి," అంటున్నాడు. పెదవి చిట్లి తెల్లగడ్డం ఎర్రబడింది. నేను ఆపడానికి పోలేదు. రెండు చేతులతో ఆ నల్ల సిలిండరును కావలించుకుని నిలబడ్డాను, ఎవరైనా తగిలి పడేస్తారేమోనని.

అప్పుడు నా భర్త మూతి మీది తొడుగు పక్కకు లాగాడు. గొంతు గీసుకుపోయి గుసగుసలాగా ఉంది, అయినా అందరికీ వినబడింది.

"తమ్మీ. నన్ను ముంగట నిలవడుమన్నదెవడురా?"

మా మరిది చెయ్యి గాలిలోనే ఆగింది. నోటి నుంచి నెత్తురు కారుతూ అన్న మంచం వైపు చూశాడు. వాడు ఆ రాత్రంతా ఎవరిని కొట్టాలో వెతుక్కున్నాడని నాకు అప్పుడు తెలిసింది. మోకాళ్ల మీద కూలబడి, గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాణ్ని ఆపడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

నేను తొడుగు మళ్లీ ఆయన మూతికి పెట్టి, తాతను లేపాను. ఆయన జేబులో నూనె సీసా పగిలి చొక్కా తడిసింది. దాన్ని విప్పించి బయట పారేశాను. బనియను మీద, నెత్తురు గడ్డంతో, ఆయన మంచానికి దూరంగా నిలబడి ప్రార్థన చేశాడు. ఆ రోజు నేను కళ్లు తెరిచే ఉన్నాను.

హైదరాబాదులో కళ్ల దవాఖానలో కుడికన్ను తీసేశారు. ఎడమకన్నుకు వెలుతురు, నీడ తెలుస్తాయి. మనిషి కదిలితే తెలుస్తుంది. ఎవరో తెలియదు. అంతకుమించి రాదన్నారు.

ఊరికి వచ్చాక ఒక ఆదివారం తాత సంఘం ముందు నిలబడి, మనుషులకు తప్ప ఏ యంత్రానికీ నూనె రాయనని చెప్పాడు. "దేవుడు నాకు బుద్ధి ఇచ్చిండు. దాన్ని నేను వాడలే," అన్నాడు. కొందరు లేచి, నూనెను అవమానించే చోట ఉండబోమని కేకలు వేసి వెళ్లిపోయారు. నాలుగు కుటుంబాలు ఇప్పటికీ రావు. నా భర్త కన్ను పోవడం వాళ్ల లెక్కలో మా విశ్వాసం తక్కువై జరిగింది. ఆ మాట నా మొహం మీదే అన్న ఆమెను నేను కొట్టలేదు. కొట్టగలిగేదాన్నే.

షెడ్డుకు కొత్త రేకులు వేశాం. మా మరిదికి బస్తీలో వేరే పని దొరికింది. సిలిండరు దగ్గరికి వాడు రాడు, నేను రమ్మనలేదు. సాయిబు చెయ్యి మానింది గానీ వేళ్లు పూర్తిగా ముడవలేడు. ఒకరోజు నా భర్త షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చుని అన్నాడు: "సబ్బుతోని చేతులు కడుక్కో. అద్దాలు పెట్టుకో. చీర గాదు, నా పాత ఖాకీ అంగి తొడుక్కో."

"నాకు రాదు."

"నాకు గూడ తల్లి కడుపుల రాలే."

పక్కన నిలబడి నల్లదాన్ని తిప్పాను. ఏమీ కాలేదు. ఎర్రదాన్ని కొంచెం వదిలి ఇనుము కోసే టార్చి మూతికి నిప్పు చూపించాను. ఇంత పొడుగున పసుపు మంట లేచి, నల్లటి మసి పోగులు పోగులుగా నా ముఖం మీద వాలింది. టార్చి పారేసి పారిపోదామనిపించింది.

"మసి వస్తుందా? ఇప్పుడు నల్లదానిది కొద్దికొద్దిగ కలుపు. ఆగు, శానయింది, తగ్గియ్యి. నాకు ఇనవడ్తుంది."

టప్పుమని పేలి ఆరిపోయింది. నేను కెవ్వుమన్నాను. ఆయన కదల్లేదు.

"మల్ల ముట్టియ్యి. అది మొరుగుతది, కరువదు."

మళ్లీ ముట్టించాను. కలిపాను. మసి పోయింది, మంట కురచబడి నీలంగా గుర్రుమంది. ఆయన మిగిలిన కంటిని ఆ వెలుతురు వైపు తిప్పి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఏ రంగున్నది? నాకు సూసి చెప్పు."

"నీలం. నడుమ తెల్లటి ముల్లున్నది. కొస కురుచగ, నున్నగ ఉన్నది."

"గదే. ఇనుము అంచున పెట్టు. ఎర్రగయ్యేదాంక జరుపకు. పండి తడిగ మెరుస్తది, గప్పుడు చెప్పు."

విరిగిన నాగలి పట్టీ అంచున మంట ఆనించాను. ఇనుము ముదురుగా, తర్వాత ఎర్రగా, తర్వాత నారింజగా మారింది. చెమట కళ్లలోకి కారుతోంది. రెప్ప వేయలేదు. అంచు మీద చిన్న తడి మెరిసింది.

"మెరిసింది."

"మీట నొక్కు!"

నొక్కాను. ఆక్సిజన్ చీల్చుకుంటూ దూకి ఇనుమును నడిమికి కోసింది. నిప్పురవ్వలు గుప్పుమని కిందికి పడి నా చెప్పుల మీద, పాదాల మీద కాల్చాయి. అరుస్తూనే మీట వదలలేదు. పట్టీ రెండు ముక్కలై నేల మీద పడింది.